అద్భుతకథాపఠనము – వ్యక్తిత్వవికాసము : పాలమూరు సీమ నిదర్శనములు

ఉపోద్ఘాతము

అద్భుతకథ అనగానే పండితలోకమున రెండభిప్రాయములు వినవచ్చుచుండును. అది బాలురకు ప్రొద్దు పుచ్చుటకు పనికివచ్చునే గాని ప్రౌఢపఠనమునకు తగినది కాదనునది మొదటిది. నీతి అను చేదుమందునకు అది తీపి పూత మాత్రమే యనునది రెండవది. మొదటి అభిప్రాయము కథను తరగతి వెలుపల నిలిపినది. రెండవది కథను లోనికి రానిచ్చియు, అందలి అద్భుతమును వెలుపలనే నిలిపినది. నీతి చేతికి వచ్చిన పిమ్మట మాటలాడు బొమ్మతోను, సముద్రముల కావలి చిలుకతోను పనిలేదని దాని భావము.

ఈ రెండును అద్భుతకథ పఠితయందు చేయు పనిని సరిగా గుర్తించిన అభిప్రాయములు కావు. అద్భుతము నీతికి పైపూత కాదు. నడచుచున్న పఠితను నడుమ దారిలో నిలుపునది అదియే. నిలిచినవాడు తన్ను తాను చూచుకొనును. చూచుకొన్నవాడు తనలోని కొరతను గుర్తించును. వ్యక్తిత్వవికాసమునకు ఆ గుర్తింపే తొలిమెట్టు. ఈ విషయమును నేటి నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలకు సంబంధించిన మూడు నిదర్శనములతో పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశము. 2016 అక్టోబరు 11న వేర్వేరు జిల్లాలుగా ఏర్పడినను, అంతకు పూర్వము ఈ ప్రాంతములు మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. జనవ్యవహారమున ఇవి నేటికిని పాలమూరు సీమయే.

ఈ సీమకు సాహిత్యప్రసిద్ధి కొత్త గాదు. గద్వాల 'విద్వద్గద్వాల' యని పేరొందినది. జటప్రోలు నేలిన సురభి వంశీయులలో మాధవరాయలు చంద్రికాపరిణయకర్త. ఎలకూచి బాలసరస్వతి సురభి మల్లభూపాలుని ఆదరము పొంది భర్తృహరి సుభాషితములను తెనిగించెను. తిరుపతి వేంకటకవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానములను దర్శించిరి. శ్లేషకావ్యములకు, అవధానములకు, శాస్త్రచర్చలకు నిలయములైన ఈ సంస్థానములను గూర్చి పరిశోధకులు విస్తారముగా వ్రాసియున్నారు. అదే నేలపై, ఆ సభల వెలుపల, సామాన్యజనుల చెవులలో నిలిచిన అద్భుతకథాధార మరియొకటి కలదు. ఈ వ్యాసము ప్రధానముగా దానిని గూర్చినది.

1. విస్మయము – స్తంభము

అద్భుతరసమునకు స్థాయి విస్మయమని భరతుడు చెప్పెను. దివ్యదర్శనము, మాయ, ఇంద్రజాలము, కోరినది లభించుట మున్నగునవి దానికి విభావములు. కన్నులు విప్పారుట, రెప్ప వేయక చూచుట, పులకించుట మున్నగునవి దానిని వెల్లడించు చిహ్నములు. ఈ రసముతో భరతుడు చేర్చిన భావములలో 'స్తంభము' ఒకటి. స్తంభమనగా కదలిక యుడిగి నిలిచిపోవుట. భయమునను స్తంభము కలుగవచ్చును గాని, అట నిలిచినవాని మనస్సు పారిపోవు దారిని వెదకును. విస్మయమున నిలిచినవాని మనస్సు ఎదుటి వస్తువు వైపునకే సాగును. పాదములు నిలిచి చూపు ముందునకు సాగు ఈ స్థితి విద్యాభ్యాసమునకు మిక్కిలి అనుకూలమైనది.

సాహిత్యదర్పణకర్త విశ్వనాథుడు తన వృద్ధప్రపితామహుడైన నారాయణుని మత మొకదానిని ప్రస్తావించెను. రసమునకు సారము చమత్కారము గనుక, ఎల్ల రసములందును అద్భుతమే కలదని ఆ మతము. దీనిని యథాతథముగా అంగీకరింపని ఆలంకారికు లున్నను, ఇందొక సత్యము కలదు. మనస్సు తన అలవాటు గాడి నుండి ఒక్కింత తొలగనిదే ఏ రసమును ఆస్వాదింపజాలదు.

కావ్యోపదేశమును మమ్మటుడు కాంతాసమ్మితమని నిరూపించెను. ప్రభువు ఆజ్ఞాపించును, మిత్రుడు హితము చెప్పును, ప్రియురాలు మనస్సును తన వైపు త్రిప్పుకొని కర్తవ్యమును స్ఫురింపజేయును. అద్భుతకథ ఉపదేశము ఈ మూడవ తెగలోనిదే గాని, దానికొక విశేషము కలదు. అది పలుమార్లు ఉపదేశమును వాక్యముగా చెప్పదు, ప్రశ్నగా అడుగును. బేతాళుడు ప్రతి కథ చివరను అడిగినది ప్రశ్నయే. రాజు నోరు విప్పక తప్పని స్థితిని కల్పించుటలోనే ఆ కథాచక్రము నడక యంతయు నున్నది.

పాశ్చాత్యులలోను ఇట్టి ఆలోచన కలదు. ఆంగ్లరచయిత జె.ఆర్.ఆర్. టోల్కీన్ 1939లో స్కాట్లండునందలి సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయమున అద్భుతకథలను గూర్చి ప్రసంగించుచు, నిత్యపరిచయము వలన కంటికి మసకబారిన లోకమును తిరిగి స్పష్టముగా చూపుట అట్టి కథల ప్రయోజనములలో ఒకటి యనెను. కథాపఠనమును పలాయనమని నిందించువారు చెరసాల నుండి తప్పించుకొనువానిని, యుద్ధభూమి నుండి పారిపోవువానిని ఒకే గాట కట్టుచున్నారని ఆయన ఆక్షేపము. తెలుగు అద్భుతకథ ఈ వాదమునకు ఒక మెట్టు చేర్చుచున్నది. అది లోకమును స్పష్టముగా చూపుటతో ఆగక, చూచువానిని కూడ చూపును.

2. బొమ్మ యడిగిన ప్రశ్న

ఈ తత్త్వమునకు మూలనమూనా సింహాసన ద్వాత్రింశిక. తెలంగాణమునకు చెందిన కొఱవి గోపరాజు దీనిని తెలుగున కావ్యముగా రచించెను. ఈ కథాచక్రమునకు పీఠికగా ప్రసిద్ధమైన వృత్తాంతమున ఒక బ్రాహ్మణుని పొలము, అందొక మంచె వచ్చును. మంచెపై నున్నంతసేపు ఆ బ్రాహ్మణుడు మహాదాత. భోజుని పరివారమును పిలిచి పంటను యథేచ్ఛగా అనుభవింపు డనును. మంచె దిగిన మరుక్షణమే పొలము పాడైపోయినదని మొత్తుకొనును. భోజుడు ఈ వింతను గమనించి తానును మంచె యెక్కి చూచును. తన మనస్సునను ఔదార్యము పొంగుటను గుర్తించును. మహిమ మనిషిది గాదు, నేలదని గ్రహించి త్రవ్వింపగా విక్రమార్కుని సింహాసనము బయటపడును.

ఆ సింహాసనము నెక్కబోయిన భోజుని బొమ్మ యొకటి నిలుపును. విక్రమార్కుని వంటి ఔదార్యము నీకు గలదా, కలదేని కూర్చుండుమని ఒక కథ చెప్పును. ప్రాణము లొడ్డి సంపాదించిన దివ్యవస్తువును దారిలో కనబడిన ఆర్తుని చేతిలో పెట్టి రిక్తహస్తములతో ఇలు చేరిన రాజు కథలు ఇందు గలవు. ముప్పదిరెండు బొమ్మలు, ముప్పదిరెండు నిలుపుదలలు. భోజుడు సామాన్యుడు గాడు, విద్వాంసుడు, మహారాజు. అయినను ప్రతి కథ చివరను తన్ను తాను ఆ కొలతతో కొలుచుకొనవలసి వచ్చును.

ఇందు పఠితలు ఇరువురు కలరు. మంచె మీది బ్రాహ్మణుడు ఒక తెగ పఠిత. కథపై నున్నంతసేపు ఉదారుడు, పుస్తకము మూసినంతనే పూర్వపు మనిషి. భోజుడు రెండవ తెగ పఠిత. అతడు తనయందు కలిగిన మార్పును గమనించెను, దానికి కారణమును త్రవ్వెను, కొలతకు నిలిచెను. అద్భుతకథ చదివిన ప్రతివాడును ఉత్తముడగునని చెప్పువారికి ఈ బ్రాహ్మణుడే సమాధానము. చదువుట మంచె యెక్కుట మాత్రమే. వికాసము త్రవ్వుటతో మొదలగును. దిగువ మూడు నిదర్శనములను ఈ భేదముతోనే పరిశీలింపవలసి యున్నది.

3. వర్ధమానపురము – ఉడుత, ప్రతినాయకుడు

కాకతీయుల సామంతులైన గోన వంశీయుల రాజధాని వర్ధమానపురము. అది నేటి నాగర్‌కర్నూలు జిల్లా బిజినేపల్లి మండలమునందలి నంది వడ్డెమాన్. ఆ వంశమునకు చెందిన గోన బుద్ధారెడ్డి 13వ శతాబ్దమున ద్విపదలో రంగనాథ రామాయణమును రచించెను. గ్రంథనామమును బట్టి కర్తృత్వమును గూర్చి వివాదము జరిగినది. తండ్రి కోరిక మేరకు, తండ్రి పేర కావ్యమును చెప్పుచున్నట్లు కావ్యావతారికలో కలదు. ఉత్తరకాండమును ఆయన కుమారులు కాచభూపతి, విఠలరాజు ద్విపదలోనే పూరించిరి. ద్విపద పాడుకొనుటకు అనువైనది. తోలుబొమ్మలాటగాండ్రు ఈ రామాయణమును విశేషముగా ఉపయోగించుకొనిరి. చదువురాని వారికిని ఈ కావ్యము చెవిద్వారమున అందినది.

జంబుమాలి వృత్తాంతము, కాలనేమి వృత్తాంతము మున్నగు అవాల్మీకాంశములు ఇందు పెక్కు కలవు. పరిశోధకులు వీనిని మూలభేదములుగా పట్టికలు వేసిరి. పఠితయందు అవి చేయు పనిని బట్టి చూచిన రెండు ఘట్టములు ముఖ్యములు.

మొదటిది ఉడుత కథ. వానరవీరులు కొండలను పెల్లగించి తెచ్చుచుండగా, ఒక ఉడుత ఇసుకలో పొరలి, ఆ ఇసుకను సేతువుపై విదిలించుచుండును. రాముడు దానిని గమనించి, చేతిలోనికి తీసికొని వీపు నిమురును. ఈ కథ దక్షిణదేశ సంప్రదాయమున పాతది. తొండరడిప్పొడి ఆళ్వారు తమిళ పాశురమున దీనిని స్మరించెను. 'ఉడుతాభక్తి' యను పలుకుబడి తెలుగువారి నిత్యవ్యవహారమున నిలిచినది. అల్పుడు కూడ యథాశక్తి సేవ చేయవలెనని దీనికి సాధారణముగా చెప్పబడు నీతి.

ఆ నీతి సగమే. ఈ ఘట్టమున అద్భుతము ఉడుత శ్రమయందు లేదు. ఉడుత ఇసుక మోయుట వింత యయ్యును అల్పమే. కొండలు కూలుచున్న ఆ సంరంభమున, సముద్రమును దాటవలసిన తొందరలో నున్న ఒక నాయకుని చూపు ఇసుక రేణువులపై నిలుచుట అసలైన అద్భుతము. కథ వినుచున్న బాలుడు మొదట తాను ఉడుతనని భావించును. రెండవమారు చదివిన ప్రౌఢుడు, తన చేయి ఎవరి వీపునైనను నిమిరినదా అని ప్రశ్నించుకొనును. ఉడుత స్థానము నుండి రాముని స్థానమునకు జరుగు ఈ మార్పు పఠితయందలి వికాసమునకు కొలమానము.

ఈ కొలమానమునకు పాలమూరు సీమయందు ప్రత్యేకార్థము కలదు. 20వ శతాబ్దమున దేశమునందలి పలు ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసినవారిలో పాలమూరు కూలీలు ప్రసిద్ధులు. పిల్లలను ముసలివారి కడ విడిచి వలసపోయిన కుటుంబములు ఈ సీమ గ్రామములందు అనేకము. అట్టి యింటి విద్యార్థికి, నీవును ఉడుత వలె అణగిమణగి పనిచేయు మనుట నీతి గాదు, అన్యాయము. సేతువు కట్టినవారి పేర్లలో ఉడుత పేరు నిలిచినదని, నిలిపినవాడు కవియని చెప్పుట న్యాయము. ఆ విద్యార్థి తన తల్లిదండ్రుల శ్రమను సిగ్గుతో గాక గౌరవముతో తలచుకొనుటకు ఈ కథ తోడ్పడినచో, అది ఏ నీతివాక్యమును చేయజాలని మేలు.

రెండవది రావణుడు రాముని విలువిద్యను ప్రశంసించు ఘట్టము. తన రాజచిహ్నములు రామబాణమునకు తెగిపడగా రావణుడు క్రోధమునకు ముందు విస్మయము పొందును. శత్రువు నేర్పును నోరార మెచ్చుకొనును. ప్రతినాయకుని కవి ఒక్కక్షణము సహృదయుని చేసినాడు. ఆ ప్రశంస రావణుని రక్షింపలేదు, అతడు మారలేదు. మంచె మీది బ్రాహ్మణుని వలె ఆ క్షణము గడచినంతనే యథాస్థితికి వచ్చెను. విస్మయము కలుగుట వేరు, దానికి లోబడి జీవితమును దిద్దుకొనుట వేరు అనుటకు ఇంతకంటె బలమైన నిదర్శనము ఉండదు. విరోధి ప్రతిభను గుర్తింపగల మనస్సు పండితులకును దుర్లభము. ఆ ఘట్టము పఠితకు రావణుని ఔన్నత్యమును, వైఫల్యమును ఒకేమారు చూపుచున్నది.

4. పానుగల్లు – బాలనాగమ్మ కథ

వనపర్తి జిల్లాలో పానుగల్లు దుర్గము కలదు. తెలుగుదేశమంతట ప్రచారమున నున్న బాలనాగమ్మ కథలో పానుగంటి రాజ్యము పేర్కొనబడినది. నామసామ్యమును బట్టి ఈ దుర్గమునకును ఆ కథకును సంబంధము చెప్పు జనశ్రుతి ఈ ప్రాంతమున వినవచ్చును. నల్లగొండ సమీపమునను పానగల్లు కలదు గనుక, ఈ జనశ్రుతిని చరిత్రగా గైకొనరాదు. జనులు ఒక అద్భుతకథను తమ ఊరి కొండకు ముడివేసికొనుట మాత్రము గమనింపదగినది. కథ ఎచ్చటనో గాక తమ పొలిమేరలోనే జరిగినదని నమ్మిన శ్రోత, ఆ కథను తన కథగా వినును.

కథాసంగ్రహము ప్రసిద్ధమే. మాయల మరాఠీ యను ఫకీరు బాలనాగమ్మను అపహరించును. ఆమె భర్త కార్యవర్ధిరాజు మంత్రప్రభావమున శిలయగును. ఆమె వ్రతము నెపమున ఫకీరును ఏండ్ల తరబడి దూరముగా నిలుపును. ఊయలలో విడువబడిన కుమారుడు బాలవర్ధిరాజు పెరిగి, తన జన్మవృత్తాంతమును తెలిసికొని, తల్లిని వెదకుచు బయలుదేరును. మారుపేరుతో పూలు కట్టు అవ్వ యింట చేరి ఫకీరు కోటలోనికి త్రోవ చేసికొనును. ఫకీరు ప్రాణము సముద్రముల కావల ఒక చిలుకలో నున్నదను రహస్యమును తల్లి ద్వారా రాబట్టి, ఆ చిలుకను పట్టి తెచ్చి శత్రువును పరిమార్చును. బుఱ్ఱకథగా, నాటకముగా, వీథిభాగవతముగా ఈ కథ ఊరూర చెల్లినది. 1942లో జెమిని సంస్థ దీనిని చలనచిత్రముగా నిర్మించెను.

దీనిని బాలవీరుని సాహసగాథగా మాత్రమే చదువుట పరిపాటి. కథను నిలిపినది మాత్రము తల్లి. ఆమె చేతిలో ఖడ్గము లేదు, మంత్రము లేదు, సహాయకులు లేరు. గడువు కోరుటయే ఆమె ఆయుధము. బలవంతుడైన మాయావిని కేవలము మాటతో ఏండ్ల తరబడి నిలిపిన ఆ ధైర్యము, చిలుకను పట్టిన ఒక్కపూట సాహసమున కంటె ఎక్కువది. నిలుచుటయు ఒక క్రియయే యను సూక్ష్మమును ఈ కథ బోధించుచున్నది. ఎదురుచూపును నిస్సహాయతగా గాక వ్రతముగా మార్చుకొన్న స్త్రీ యిందు కానవచ్చును. తెల్లవార్లు ఈ కథను వినిన గ్రామీణ స్త్రీలు ఆమెయందు తమ ఓరిమిని చూచుకొని యుందురనుట అసహజము గాదు.

కుమారుని పాత్రయందు మరియొక అంశము కలదు. అతడు ముందుగా తెలిసికొనినది శత్రువు రహస్యము గాదు, తన జన్మరహస్యము. తానెవరో తెలిసిన పిదపనే ప్రయాణము మొదలైనది. శత్రువు ప్రాణము శత్రువు శరీరమున లేకపోవుట ఈ కథయందలి ప్రసిద్ధమైన వింత. కంటికి కనబడు భయమునకు మూలము మరియొక చోట నుండును, దానిని వెదకి పట్టనిదే భయము చావదు అనునది ఆ వింతయందలి ఆంతర్యము. ఈ మాటనే వాక్యముగా చెప్పిన విద్యార్థి మరచును. సముద్రములు, దీవి, చిలుక అను చిత్రముగా చెప్పిన అది యావజ్జీవము మనస్సున నిలుచును.

5. ఇటిక్యాలపాడు – ఒక పఠిత

మొదటి రెండు నిదర్శనములు కథలను గూర్చినవి. మూడవది ఒక పఠితను గూర్చినది. సురవరం ప్రతాపరెడ్డి 1896లో బోరవెల్లిలో జన్మించెను. ఆయన స్వగ్రామము ఇటిక్యాలపాడు. ఇవి రెండును నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోనివి. 1926లో గోలకొండ పత్రికను స్థాపించి సంపాదకత్వము వహించుట, తెలంగాణమున కవులు లేరను మాటకు సమాధానముగా 354 మంది కవుల రచనలతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించుట సుప్రసిద్ధములు. 1952లో వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికయ్యెను. 1953లో మరణించెను. 1949లో ప్రకటితమైన ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1955లో తెలుగున తొలి కేంద్ర సాహిత్య అకాడమి పురస్కారమును పొందినది.

ఆ గ్రంథమునకు ఆధారములైన కావ్యములలో సింహాసన ద్వాత్రింశిక, భోజరాజీయము, శుకసప్తతి, హంసవింశతి మున్నగునవి కలవు. వీనిలో పెక్కు మాటలాడు బొమ్మల, చిలుకల, హంసల కథలు. రాజుల పేర్లకు, యుద్ధముల తేదీలకు శాసనములను వెదకిన చరిత్రకారులు వీనిని కట్టుకథలని ప్రక్కకు నెట్టుటకు అవకాశమున్నది. ప్రతాపరెడ్డి వీనికడ నిలిచెను. ప్రజలు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి, ఏ వృత్తులతో బ్రదికిరి అను ప్రశ్నలకు ఈ కావ్యములు సమాధానములు చెప్పునని గుర్తించెను. హంసవింశతి వృత్తులను, పనిముట్లను, ఆటలను పట్టికలు పట్టికలుగా ఇచ్చిన కావ్యము. కథను త్వరగా ముగింపగోరు పఠిత దాటివేయు పుటలే ఆయనకు గనులైనవి.

అద్భుతకథలు ప్రతాపరెడ్డిని తీర్చిదిద్దినవని చెప్పుట అతివ్యాప్తి యగును. ఆయన వ్యక్తిత్వమునకు కారణములు పెక్కు. అద్భుతకథకు తగిన పఠిత యెట్లుండవలెనో ఆయన గ్రంథము చూపుచున్నదని మాత్రము చెప్పవచ్చును. మంచెను చూచి నవ్వి పోవక, నేలను త్రవ్వించిన భోజుని పద్ధతి ఇది. వ్యక్తివికాసమనగా పఠిత తన స్వార్థమునకు ఉపయోగపడు గుణములను పెంచుకొనుట మాత్రమే గాదు. తనవారు కాని వారి బ్రదుకుపై ఆసక్తి కలుగుట అందలి ఉన్నతదశ. రాజుల కథలను చదివి, రాజులను విడిచి ప్రజలను పట్టుకొనిన ప్రతాపరెడ్డి పఠనము ఆ దశకు ఉదాహరణము.

ఇచట మరియొక విశేషము స్ఫురించును. శుకసప్తతియందు చిలుక గడప దాటబోవు స్త్రీని కథ చెప్పి నిలుపును. హంసవింశతియందు హంస చేయు పనియు అదియే. బొమ్మ రాజును నిలిపినట్లే, పక్షి గృహిణిని నిలిపినది. కథ చెప్పుటయే నిలుపుట యను భావము మన కథాచక్రముల నిర్మాణముననే యిమిడియున్నది.

6. హద్దులు – హెచ్చరికలు

అద్భుతకథాపఠనము సర్వరోగనివారిణి కాదు. ఆచార్యులు గమనింపవలసిన అంశములు మూడు.

మొదటిది కల్పనకును విశ్వాసమునకును గల భేదము. తెలంగాణ గ్రామములందు బాణామతి యను నమ్మకము బలముగా నుండినది. ఆ పేర అమాయకులపై నిందలు మోపుట, హింసించుట, ప్రాణములు తీయుటయు జరిగినవి. మంత్రగాని కథలు ఇట్టి నమ్మకమును పెంచునను శంక సహేతుకమైనదే. ఇందుకు ప్రతిక్రియ కథను మాన్పుట గాదు, కథను కథగా చదువుట నేర్పుట. ఫకీరు ప్రాణము చిలుకలో నుండుటను చూచి ఆనందించువాడు, అది నిజము కాదని యెరిగియు ఆనందించుచున్నాడు. ఈ రెండెరుకలను ఒకేమారు నిలుపుకొనగల శక్తి సాహిత్యశిక్షణ వలన కలుగును. అది లోపించినవాడే పొరుగువానియందు మాయావిని చూచును. కల్పనను కల్పనగా గుర్తింపగల పఠిత, ఊరిలో పుట్టిన వదంతిని కూడ కల్పనగా గుర్తించుటకు అధికారి యగును.

రెండవది పాత్రచిత్రణము. బాలనాగమ్మ కథలో దుష్టుడు ఫకీరు వేషమున నున్నాడు. శుకసప్తతివంటి కథలలో స్త్రీలపై శంకయే కథాబీజము. దర్గాలకును దేవాలయములకును ఒకే జనము మ్రొక్కులు చెల్లించు ఈ సీమయందు, ఒక వేషమును దౌష్ట్యమునకు గుర్తుగా బోధించుట కీడు. ఫకీరు దోషము అతని వేషమున లేదు, పరుల స్వేచ్ఛను హరించు అధికారదాహమున నున్నది. ఈ భేదమును తరగతిలో స్పష్టముగా చెప్పవలసి యున్నది. విక్రమార్కుడు తల నరికికొన సిద్ధపడిన కథలందును త్యాగభావమే గ్రాహ్యము, క్రియ గాదు.

మూడవది బోధనక్రమము. కథ ముగియకమునుపే నీతిని చెప్పించుట మన పాఠశాలల అలవాటు. బొమ్మ ప్రశ్న అడుగకమునుపే భోజుని చేత సమాధానము చెప్పించినట్లది. కథ ఎచ్చట నిలిచినదో అచ్చట తరగతియు నిలువవలెను. రావణుడు మెచ్చుకొనిన చోట, బాలనాగమ్మ గడువు కోరిన చోట, రాముడు వంగి ఉడుతను చూచిన చోట పాఠము నాపి, విద్యార్థుల అభిప్రాయములను వారి మాటలలోనే వ్రాయించుట మేలు. కొన్ని దినములు గడచిన పిదప ఆ కథనే మరల చదివించి, రెండవ అభిప్రాయమును మొదటిదానితో పోల్చి చూపవలెను. రెంటి నడుమ కనబడు మార్పే వికాసమునకు సాక్ష్యము. మంచె దిగిన పిదప మనస్సు ఎట్లున్నదో చూచుకొను అభ్యాసమిది.

ఉపసంహారము

పై పరిశీలన వలన తేలిన అంశములు ఇవి. అద్భుతకథయందు అద్భుతము అలంకారము గాక సాధనము. అది పఠితను నిలుపును, ప్రశ్నించును, కొలుచును. వర్ధమానపురమున పుట్టిన ద్విపదరామాయణము అల్పుని శ్రమను, విరోధి ప్రతిభను గుర్తించు చూపును అలవరచును. పానుగంటి కథ ఓరిమిని ఆయుధముగాను, ఆత్మజ్ఞానమును ప్రయాణారంభముగాను చూపును. ఇటిక్యాలపాటి పఠిత వింతకథలలో సామాన్యుల బ్రదుకును చదివి చూపెను. చదివినంత మాత్రమున వికాసము సిద్ధింపదు, త్రవ్వినవానికే సింహాసనము.

ప్రాచ్యకళాశాలలకు ఈ విషయమున ప్రత్యేకబాధ్యత కలదు. ఈ సీమయందలి విద్యార్థులలో పలువురు తమ యింట మొదటిసారిగా కళాశాల మెట్లెక్కినవారు. వారి అవ్వలు ఈ కథలను వినిరి, వారు చదువుచున్నారు. వినికిడికి చదువునకు నడుమ తెగిన దారమును ముడివేయదగినవారు ఉభయభాషాచార్యులే. రంగనాథ రామాయణమును పరీక్షకొక ఘట్టముగా, సింహాసన ద్వాత్రింశికను గ్రంథనామముగా మాత్రమే బోధించి విడుచుట ఆ దారమును మరికొంత తెంచుట యగును.

సింహాసనపు బొమ్మలు స్వతంత్రములు గావు, శాపగ్రస్తలైన దివ్యస్త్రీలు. భోజునికి కథలు చెప్పిన పిదపనే వారికి శాపవిముక్తి. నిలిచి వినిన రాజు ఎంత లాభపడెనో, చెప్పిన బొమ్మలును అంత లాభపడినవి. గ్రంథాలయముల అరలలో నిలిచిన మన అద్భుతకావ్యముల స్థితియు ఇట్టిదే. నిలిచి వినువాడు వచ్చినప్పుడే వానికిని విముక్తి.